వేళ్లకంటే ముందు చెవి

1941లో న్యూయార్క్ నగరం హార్లెమ్ ప్రాంతంలోని మింటన్స్ ప్లేహౌస్‌లో రాత్రి బాగా పొద్దుపోయాక జామ్, అంటే అప్పటికప్పుడు అల్లుకుంటూ కలిసి వాయించడం, మొదలయ్యేది. పెద్ద బ్యాండ్లలో కాగితం మీద రాసిచ్చిన సంగీతం వాయించి వచ్చినవాళ్లు, ఆ పని ముగిశాక అక్కడ చేరి తమకోసం వాయించుకునేవారు. డ్రమ్స్ దగ్గర కెన్నీ క్లార్క్, పియానో దగ్గర థెలోనియస్ మాంక్ ఉండే ఆ వేదిక మీదికి చార్లీ క్రిస్టియన్ అనే 24 ఏళ్ల కుర్రాడు ఎలక్ట్రిక్ గిటార్‌తో వచ్చేవాడు. జెర్రీ న్యూమన్ అనే విద్యార్థి రికార్డింగ్ యంత్రాన్ని అక్కడికి మోసుకెళ్లి ఆ ఏడాది మే నెలలో పట్టిన వాయిద్యం ఇప్పటికీ వినవచ్చు. క్రిస్టియన్ ఆగకుండా అల్లుకుంటూ పోతాడు. ఎక్కడా తడుముకోడు. మరుసటి ఏడాది మార్చిలో, 25 ఏళ్లకే, క్షయతో కన్నుమూశాడు.

ఆ రికార్డింగులు విన్న ప్రతి గిటార్ విద్యార్థికీ ఒకటే ప్రశ్న పుడుతుంది. తర్వాత ఏం వాయించాలో ఇతనికి ఎలా తెలుస్తోంది? ముందుగా రాసుకున్నది లేదు. డ్రమ్మర్ ఏ క్షణాన ఏ దెబ్బ వేస్తాడో, పియానో మీద కార్డ్, అంటే కలిసి మోగే స్వరాల కూటమి, ఏ రూపంలో పడుతుందో అనుకున్నదీ లేదు. అయినా అందరూ కలిసే ఎత్తుకుంటారు, కలిసే ముగిస్తారు. అది పుట్టుకతో రావాల్సిన విద్య అని చాలామంది చేతులు ముడుచుకుంటారు. నేను ఆ మాట ఒప్పుకోను. మెదడు గురించి, వినికిడి గురించి, లయ గురించి గత కొన్ని దశాబ్దాల్లో జరిగిన పరిశోధనలు చూస్తే, జామ్‌లో జరిగే పని చాలావరకు అంతుపడుతుంది. నేర్చుకునే దారి కూడా కనిపిస్తుంది. ఆ దారి చెవి దగ్గర మొదలై వేళ్ల దగ్గరికి వస్తుంది. మనలో ఎక్కువమంది దాన్ని తలకిందులుగా నడుస్తున్నారు.

ఆలోచించే వ్యవధి ఉండదు

వేగంగా సాగే జాజ్‌లో నిమిషానికి 240 బీట్లు పడటం వింతేమీ కాదు. అంటే ఒక్కో బీట్‌కి 250 మిల్లీసెకన్లు. బీట్‌కి రెండు స్వరాలు వాయిస్తే స్వరానికీ స్వరానికీ మధ్య ఎడం 125 మిల్లీసెకన్లు. శబ్దం వినగానే మీట నొక్కమని ఎవరినైనా కూర్చోబెడితే, ఎంత త్వరపడినా సుమారు 150 మిల్లీసెకన్లు పడుతుంది. అదీ వచ్చిన శబ్దం ఏమిటో తేల్చుకునే పని లేనప్పుడు. ఏ స్వరం మోగింది, దానికి ఏది అతుకుతుంది, అది గిటార్ మీద ఎక్కడుంది అని వరసగా తేల్చుకుంటూ కూర్చుంటే పాట ఎప్పుడో దాటిపోతుంది.

కాబట్టి జామ్‌లో వాయించేవాళ్లు విన్నదానికి అప్పటికప్పుడు స్పందిస్తున్నారని అనుకోవడం సగమే నిజం. వాళ్లు వినబోయేదాన్ని ఊహించి, అందుకు తగ్గట్టు వేళ్లను ముందే కదుపుతున్నారు. ఈ శక్తి అందరిలోనూ ఉంది. మెట్రోనోమ్ టిక్కులతో పాటు బల్ల మీద వేలితో తట్టమంటే, ఎక్కువమంది టిక్కు కంటే కొన్ని పదుల మిల్లీసెకన్లు ముందే తడతారు. తాము ముందున్నామని వాళ్లకు తెలియదు, సరిగ్గా కలిసే తడుతున్నామనుకుంటారు. టిక్కును విని తట్టేవాళ్లయితే ప్రతిసారీ వెనకబడాలి. ముందే తడుతున్నారంటే, తర్వాతి టిక్కు ఎప్పుడు రావాలో మెదడు లెక్కకట్టి పెట్టుకుందన్నమాట. సాధన ఉన్న వాద్యకారుల్లో ఈ తొందర బాగా తగ్గుతుంది.

కాలం సంగతి ఇలా ఉంటే, స్వరం సంగతీ ఇంతే. అలవాటైన వరసలో కార్డ్‌లు వినిపిస్తూ మధ్యలో అతకని కార్డ్ ఒకటి వేస్తే, వినేవారి తలకు అమర్చిన ఎలక్ట్రోడ్లలో సుమారు 200 మిల్లీసెకన్లకే ఒక ప్రత్యేకమైన విద్యుత్ స్పందన నమోదవుతుంది. జర్మనీలో స్టెఫాన్ కోల్ష్ బృందం దీన్ని సంగీతం నేర్చుకోనివారిలోనూ చూసింది. వింటూ పెరిగిన సంగీతం మనకు తెలియకుండానే మనలో అంచనాలు నాటిపెడుతుంది. జామ్ నేర్చుకోవడమంటే ఆ అంచనాలకు పదును పెట్టి వాటిని వేళ్లతో కలపడమే.

పన్నెండు బార్లు, రెండు వేళ్లు

ఊహించాలంటే ఊహకు ఆధారం కావాలి. ముక్కూమొహం తెలియని నలుగురు కలిసి వాయించగలుగుతున్నారంటే, వాళ్లందరికీ తెలిసిన చట్రం ఒకటి ఉంటుంది. అమెరికాలోని నల్లజాతి ప్రజలు ప్రపంచానికి ఇచ్చిన పన్నెండు బార్ల బ్లూస్ అలాంటి చట్రాల్లో అతి ముఖ్యమైనది. 'ఏ లో బ్లూస్, షఫుల్' అని ఒకరు శ్రుతి, నడక చెప్పి, వేగం చూపిస్తూ నాలుగు లెక్కపెడితే చాలు, ప్రపంచంలో ఎక్కడైనా జామ్ మొదలైపోతుంది.

'ఏ' శ్రుతిలో ఆ చట్రం ఇది. మొదటి నాలుగు బార్లు ఏ-సెవెన్ కార్డ్. తర్వాతి రెండు డి-సెవెన్. మళ్లీ రెండు ఏ-సెవెన్. తొమ్మిదో బార్ ఇ-సెవెన్, పదోది డి-సెవెన్, చివరి రెండూ ఏ-సెవెన్. ఒక్కో బార్‌కి నాలుగు బీట్లు. ఇంకా నప్పే చిన్న చిన్న మార్పులు ఎన్నో ఉన్నా మూలం ఇదే. 'ఏ' స్వరాన్ని షడ్జమం అనుకుంటే, ఈ కార్డ్‌లు షడ్జమం మీద, శుద్ధ మధ్యమం మీద, పంచమం మీద కట్టినవి.

కర్ణాటక సంగీతం తెలిసినవారికి ఇక్కడ ఒక కొత్త సంగతి ఎదురవుతుంది. మన కచేరీలో తంబురా శ్రుతి కదలదు. దాని మీద ప్రతి స్వరానికీ ఒక స్థిరమైన స్థానం ఉంటుంది. బ్లూస్‌లో కింద కార్డ్ మారుతూ ఉంటుంది కాబట్టి, మనం పట్టుకున్న స్వరం మారకపోయినా దాని అర్థం మారిపోతుంది. జి స్వరాన్నే తీసుకోండి. అది ఏ-సెవెన్‌లో కార్డ్‌లోని స్వరమే, హాయిగా కూర్చుంటుంది. డి-సెవెన్ వచ్చేసరికి అదే జి కార్డ్‌లో లేని స్వరమై, పక్కనున్న ఎఫ్ షార్ప్‌లోకి దిగాలని లాగుతుంది. స్వరాలు కరెక్టుగానే పడుతున్నా సోలో పాటకు అంటనట్టుగా ఉందని కొత్తవాళ్లు బాధపడేది ఇందుకే. వాళ్లు స్కేల్ వింటున్నారు, కింద మారుతున్న కార్డ్‌ను వినడం లేదు.

దీన్ని చెవితో పట్టుకోవడానికి గిటార్ మీద ఒక అందమైన ఏర్పాటు ఉంది. కార్డ్ స్వభావాన్ని చెప్పేవి ప్రధానంగా రెండే స్వరాలు, దాని మూడోది, ఏడోది. మొదటి స్వరం, అయిదో స్వరం బేస్ గిటార్ ఎలాగూ చూసుకుంటుంది. ఏ-సెవెన్‌లో ఆ రెండూ సి షార్ప్, జి. గిటార్ మెడ మీది అడ్డపట్టీలను ఫ్రెట్లంటారు. నాలుగో తీగ మీద అయిదో ఫ్రెట్ నొక్కితే జి, మూడో తీగ మీద ఆరో ఫ్రెట్ నొక్కితే సి షార్ప్. రెండు వేళ్లు, రెండే స్వరాలు. బేస్ 'ఏ' స్వరం పట్టుకుని ఉంటే, వినేవాడికి ఏ-సెవెన్ మొత్తం వినిపిస్తుంది.

ఇప్పుడు ఆ రెండు వేళ్లనూ అదే ఆకారంలో ఒక్క ఫ్రెట్ వెనక్కి జరపండి. ఎఫ్ షార్ప్, సి వస్తాయి. అవే డి-సెవెన్‌కి ప్రాణస్వరాలు. మొదటి చోటు నుంచి ఒక్క ఫ్రెట్ ముందుకు జరపండి. జి షార్ప్, డి వస్తాయి. అవి ఇ-సెవెన్‌వి. పన్నెండు బార్ల బ్లూస్ మొత్తం మూడు పక్కపక్క ఫ్రెట్లలో ఇమిడిపోయింది. కారణం లెక్కలో ఉంది. ఆ రెండు స్వరాల మధ్య దూరం ఆరు అర్ధస్వరాలు, అంటే స్థాయిలో సరిగ్గా సగం. సగం కాబట్టి ఏ స్వరం కింద ఉన్నా, ఏది పైన ఉన్నా దూరం మారదు. అందుకే ఒక ఫ్రెట్ జరిపినప్పుడు వాటి పాత్రలు తారుమారవుతాయి. ఏ-సెవెన్‌లో ఏడో స్వరాన్ని పట్టుకున్న వేలు డి-సెవెన్‌లో మూడో స్వరం మీదికి వస్తుంది, రెండో వేలు అందుకు ఎదురుగా నడుస్తుంది.

గిటార్ చేతిలో ఉన్నవారు ఈ పేరా పక్కన పెట్టి ఓసారి వాయించి చూడండి. అయిదో బార్‌లో ఆ రెండు స్వరాలూ కిందికి జారడం చెవికి తెలిశాక, తర్వాత ఎవరితో వాయించినా ఆ జారుడు కోసం చెవి ముందే ఎదురుచూస్తుంది.

అయిదు స్వరాలు, ఫ్రెట్ లేని ఒక చోటు

బ్లూస్ సోలో నేర్పేవారు మొట్టమొదట చూపించేది అయిదో ఫ్రెట్ దగ్గరి మైనర్ పెంటాటోనిక్ స్కేల్. ఏ, సి, డి, ఇ, జి. 'ఏ' స్వరాన్ని షడ్జమంగా తీసుకుంటే ఇవి శుద్ధ ధన్యాసి స్వరాలే: షడ్జమం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశిక నిషాదం. స్వరాలు ఒకటైనంత మాత్రాన సంగీతం ఒకటి కాదు. అయినా శుద్ధ ధన్యాసి విని పెరిగిన చెవికి ఈ స్కేల్ పరాయిది కానక్కర్లేదు.

ఇందులో ఒక చిక్కుంది. ఏ-సెవెన్ కార్డ్‌లో ఉన్నది సి షార్ప్, అంటే అంతర గాంధారం. స్కేల్‌లో ఉన్నది సి, అంటే సాధారణ గాంధారం. రెండూ ఒకేసారి మోగితే ఒరుసుకోవాలి. ఆ ఒరిపిడే బ్లూస్‌కి రుచి తెచ్చింది. బ్లూస్ పాడేవారు ఈ రెండు గాంధారాల మధ్య ఎక్కడో నిలబడతారు. గిటారిస్టు కూడా సి నొక్కి తీగను కొంచెం పక్కకు లాగి, సి షార్ప్‌కి చేరీచేరకుండా ఆపుతాడు. గమకం విలువ తెలిసిన మనకు ఇది అర్థం కావడం కష్టం కాదు.

తీగను పక్కకు లాగి శ్రుతి పెంచడాన్ని బెండ్ అంటారు. తీగ కంపన వేగం దాని బిగువు వర్గమూలాన్ని బట్టి మారుతుంది. ఒక పూర్తి స్వరం, అంటే రెండు ఫ్రెట్ల ఎత్తు పెంచాలంటే కంపన వేగం 12 శాతం పెరగాలి. అందుకు బిగువు సుమారు 26 శాతం పెంచాలి. వేలికి అంత బలం కావాలి, ఎక్కడ ఆపాలో చెవికి తెలియాలి. మామూలుగా వాయించేటప్పుడు శ్రుతి బాధ్యత ఫ్రెట్ తీసుకుంటుంది. బెండ్‌లో ఫ్రెట్ సాయం ఉండదు. చేరాల్సిన స్వరం ముందే మనసులో మోగుతుంటే వేలు అక్కడికి వెళ్లి ఆగుతుంది, లేకపోతే దాటిపోతుంది. అందుకే ఒకరి బెండ్ వింటే వాళ్లు చెవితో వాయిస్తున్నారో, వేళ్లతో వాయిస్తున్నారో తెలిసిపోతుంది.

అనుకరణ నుంచి సొంత మాట దాకా

ఇండియానాపొలిస్‌లో 1923లో పుట్టిన వెస్ మాంట్‌గొమరీ జాజ్ గిటార్‌లో క్రిస్టియన్ తర్వాత చెప్పుకోవలసిన మహానుభావుడు. ఆయనకు స్వరలిపి చదవడం రాదు. ఇరవై ఏళ్ల వయసు ప్రాంతంలో క్రిస్టియన్ రికార్డులు విని, వాటిలోని సోలోలను ఒక్కొక్క స్వరం చెవితో పట్టి వాయించడం నేర్చుకున్నాడు. మొదట్లో క్లబ్బుల్లో ఆయన వాయించింది ఆ సోలోలే. 1948లో లయనెల్ హాంప్టన్ తన బ్యాండ్‌లోకి తీసుకోవడానికి ఈ నేర్పే కారణమైంది. ఆ తర్వాతే బొటనవేలితో మీటుతూ, ఒకే స్వరాన్ని రెండు స్థాయిల్లో కలిపి పలికిస్తూ, విన్న వెంటనే గుర్తుపట్టగలిగే తన బాణీ తయారుచేసుకున్నాడు.

అనుకరణ సృజనకు అడ్డు అని భయపడేవారికి మాంట్‌గొమరీ జీవితమే సమాధానం. ఎందుకు అలా జరుగుతుందో చదరంగం మీద జరిగిన ఒక ప్రసిద్ధ పరిశోధన సూచిస్తుంది. విలియం ఛేజ్, హెర్బర్ట్ సైమన్ 1973లో ప్రచురించిన ఆ పనిలో, నిజమైన ఆటలోని బల్లను 5 సెకన్లు చూపించి గుర్తున్నంత మేరకు పావులను తిరిగి పేర్చమన్నారు. మేటి ఆటగాడు కొత్తవాడి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ పావులను సరైన గళ్లలో పెట్టాడు. పావులను ఇష్టమొచ్చినట్టు చెల్లాచెదురుగా పెట్టి చూపిస్తే ఆ ఆధిక్యం దాదాపు మాయమైంది. మేటి ఆటగాడి జ్ఞాపకశక్తి గొప్పదేమీ కాదు. అతను విడివిడి పావులను చూడటం లేదు, తనకు తెలిసిన అమరికలను చూస్తున్నాడు.

గిటారిస్టులు లిక్ అని పిలిచే చిన్న చిన్న స్వర పదాలు ఇలాంటి అమరికలే. ఎనిమిది స్వరాలను ఎనిమిది నిర్ణయాలుగా తీసుకోవాలంటే మెదడుకు తీరదు. ఒక పదంగా తీసుకుంటే ఒక్క నిర్ణయం సరిపోతుంది. మిగిలిన తీరిక పక్కవాళ్లను వినడానికి దక్కుతుంది. అసలు లాభం అదే. పదాల నిధి ఉన్నవాడు ఎక్కువ వినగలడు. ఎక్కువ వినగలిగినవాడు ఆ పదాన్ని అక్కడికి తగ్గట్టు మార్చి, లయ జరిపి, సగంలో తుంచి, కొత్తది చేయగలడు.

పుస్తకంలోని స్వరలిపి చూసి నేర్చుకున్న లిక్ కంటే చెవితో పట్టిన లిక్ ఎందుకు బాగా పనికొస్తుందో సూచించే పరిశోధన కూడా ఉంది. అమీర్ లహావ్, గాట్‌ఫ్రీడ్ ష్లాగ్ బృందం 2007లో సంగీతం రానివారికి ఒక చిన్న బాణీని కీబోర్డ్ మీద చెవితో నేర్పింది. తర్వాత వాళ్లు ఊరికే పడుకుని ఆ బాణీ వింటుంటే, చేతులు కదలకపోయినా కదలికలకు సంబంధించిన మెదడు భాగాలు చురుగ్గా పనిచేశాయి. నేర్చుకోని బాణీ విన్నప్పుడు అంత స్పందన లేదు. వినికిడికీ కదలికకూ మధ్య దారి ఏళ్ల తరబడి సాధన అక్కర్లేకుండానే పడటం మొదలవుతుంది. జామ్‌లో ఊహించిన స్వరం వేళ్లకు చేరేది ఆ దారినే.

యంత్రంలో పియానో, తలపై ఎలక్ట్రోడ్లు

చార్లెస్ లింబ్ అనే చెవి వైద్య నిపుణుడు, అలెన్ బ్రాన్‌తో కలిసి 2008లో చేసిన ప్రయోగం బాగా పేరుపొందింది. ఆరుగురు జాజ్ పియానిస్టులను, మెదడులో ఏ భాగం చురుగ్గా ఉందో చూపించే ఎఫ్‌ఎంఆర్‌ఐ యంత్రంలో పడుకోబెట్టి, అయస్కాంతానికి అంటుకునే లోహం లేకుండా ప్రత్యేకంగా చేయించిన చిన్న కీబోర్డ్ ఇచ్చారు. కంఠతా వచ్చిన బాణీని ఒకసారి, అప్పటికప్పుడు అల్లుకున్నదాన్ని ఇంకోసారి వాయించమన్నారు. అల్లుతున్నప్పుడు మెదడు ముందుభాగంలో పక్కవైపున్న ప్రాంతాలు నెమ్మదించాయి. మన పనిని మనమే పరీక్షిస్తూ దిద్దుకోవడానికి పనికొచ్చే ప్రాంతాలవి. మధ్యలో, తన గురించిన ఆలోచనతో ముడిపడిన భాగం చురుకైంది.

ఈ ఫలితం చూసి 'ఆలోచించడం మానేస్తే చాలు, సంగీతం దానంతటదే వస్తుంది' అని ప్రచారం చేసినవారున్నారు. అది తొందరపాటు. పరీక్షలో పాల్గొన్నది ఆరుగురే, వాళ్లంతా ఏళ్ల తరబడి సాధన చేసిన వృత్తి కళాకారులు. 2014లో స్వీడన్ కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌లో అనా పిన్యో, ఫ్రెడ్రిక్ ఉలెన్ బృందం 39 మంది పియానిస్టులను పరీక్షించింది. అప్పటికప్పుడు అల్లే సాధన ఎక్కువగా చేసినవారిలో ముందుభాగపు ప్రాంతాల శ్రమ తక్కువగా ఉంది, ఆ ప్రాంతాలకూ కదలికలను నడిపే ప్రాంతాలకూ మధ్య అనుసంధానం ఎక్కువగా ఉంది. ఇంకోలా చెప్పాలంటే, పహరా సడలించగలిగేది దారులు గట్టిపడ్డాకే. సాధన లేకుండా సడలిస్తే మిగిలేది అలవాటుపడ్డ రెండు మూడు లిక్కుల చర్వితచర్వణమే.

లింబ్ బృందమే 2014లో ఒక అడుగు ముందుకు వేసి, ఇద్దరు వాద్యకారులు నాలుగేసి బార్లు వంతులవారీగా అల్లుకునే పద్ధతిని పరీక్షించింది. ఒకరు యంత్రంలో, ఇంకొకరు బయట. ఆ సవాలు జవాబుల్లో, మాటల అమరికను అర్థం చేసుకునే ప్రాంతాలు పనిచేశాయి. మాటల అర్థాన్ని పట్టుకోవడంతో సంబంధమున్న ఒక ప్రాంతం మాత్రం నెమ్మదించింది. వాక్య నిర్మాణానికీ స్వర నిర్మాణానికీ మెదడు కొంత ఉమ్మడి సామగ్రి వాడుతోందనడానికి ఇది బలమైన సూచన. జామ్‌లో అవతలివారి పదం చివర ఎలా ముగిసిందో విని, అక్కడి నుంచి మన పదం ఎత్తుకుంటే వినేవారికి అంత సహజంగా అనిపించడానికి కారణం ఇక్కడ దొరుకుతుంది.

గిటారిస్టుల మీదే సూటిగా జరిగిన పని బెర్లిన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థది. ఉల్మాన్ లిండెన్‌బర్గర్ బృందం 2009లో ఎనిమిది జతల గిటారిస్టులకు ఎలక్ట్రోడ్ల టోపీలు తొడిగి, ఒకే బాణీని కలిసి వాయింపజేసింది. వేగం చూసుకునేటప్పుడు, కలిసి ఎత్తుకునేటప్పుడు ఇద్దరి మెదడు తరంగాలు ఒకదానితో ఒకటి పొందిక చూపాయి. 2013లో అదే సంస్థ, అప్పటికప్పుడు అల్లుకుంటున్న గిటారిస్టుల జతల మీద కూడా ఇలాంటి కొలతలు ప్రచురించింది. ఇద్దరూ ఒకే ధ్వని వింటూ ఒకే లయలో చేతులు కదుపుతున్నప్పుడు తరంగాలు కొంత కలవడం సహజం కాబట్టి, పొందికంతా పరస్పర అవగాహన వల్లే వచ్చిందని తేల్చి చెప్పలేం. అయినా ఎత్తుకునే క్షణాన అంత దగ్గరగా కలుస్తున్నారంటే, చేయి తీగను తాకకముందే ఇద్దరిలోనూ ఒకే బీట్ సిద్ధంగా ఉందన్న సంగతి మాత్రం స్పష్టం.

మిల్లీసెకన్లలో మర్యాద

కలిసి వాయించడానికి భౌతికశాస్త్రం పెట్టే హద్దులు కూడా ఉన్నాయి. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. అంటే మీటరుకు దాదాపు 3 మిల్లీసెకన్లు. డ్రమ్స్‌కి 8 మీటర్ల దూరాన నిలబడ్డ గిటారిస్టుకు ప్రతి దెబ్బా 23 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఆలస్యం 25, 30 మిల్లీసెకన్లు దాటితే ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఆగుతూ, తమకు తెలియకుండానే వేగం తగ్గించేస్తారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ చేఫ్ బృందం చప్పట్లతో చేసిన ప్రయోగాల్లో ఇది స్పష్టంగా కనిపించింది. కరోనా కాలంలో వీడియో కాల్‌లో కలిసి వాయించబోయి విసిగిపోయినవాళ్లందరికీ అడ్డుపడింది ఈ హద్దే. గదిలో జామ్ చేసేటప్పుడు డ్రమ్మర్‌కీ బేస్ వాయించేవారికీ దగ్గరగా నిలబడమని అనుభవజ్ఞులు చెప్పే సలహాకు ఆధారమూ ఇదే.

ఇంకా సున్నితమైన సంగతి ఒకటుంది. సోలో వాయించేవారు బీట్ మీద పడే స్వరాలను డ్రమ్స్ కంటే కాస్త వెనగ్గా వేసి, బీట్ల మధ్య స్వరాలను మాత్రం డ్రమ్స్‌తో కలిపి వేస్తే ఊపు పెరుగుతుందని జర్మనీలోని గోటింగెన్ శాస్త్రవేత్తలు 2022లో చూపించారు. పాత రికార్డింగుల్లో మహామహులు ఇదే చేస్తున్నట్టు వాళ్లు గుర్తించారు. తీరిగ్గా వాయిస్తున్నట్టు అనిపించే ఆ ధోరణి నిర్లక్ష్యం కాదు, కాలం మీద పూర్తి పట్టు.

తర్వాతి హద్దు చెవి లోపల ఉంది. దగ్గర దగ్గర కంపన వేగాలున్న ధ్వనులు లోపలి చెవిలో దాదాపు ఒకేచోట స్పందన పుట్టిస్తాయి. అప్పుడు గట్టిది మెత్తనిదాన్ని కప్పేస్తుంది. మంద్ర స్వరాలు పై స్వరాలను కప్పేయడం మరీ ఎక్కువ. బేస్ గిటార్ 41 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, గిటార్ అడుగు తీగ 82 హెర్ట్జ్ దగ్గర. ఇద్దరు గిటారిస్టులు, ఒక కీబోర్డ్ అందరూ ఆరు తీగల నిండు కార్డ్‌లు ఆ కింది భాగంలోనే కొడుతుంటే ఎవరూ వినపడరు. అప్పుడు అందరూ యాంప్ పెంచుతారు, గోల మిగులుతుంది. రెండో గిటారిస్టు పైన చూసిన రెండు వేళ్ల రూపంతో సరిపెడితే, లేదా మెడ మీద పైకి వెళ్లి మూడు తీగల చిన్న కార్డ్ వేస్తే, ఒక్కసారిగా గది విశాలమైనట్టు అనిపిస్తుంది. ఏది వాయించకూడదో తెలియడం కూడా చెవి చేసే పనే.

పాలకొల్లు నుంచి శక్తి దాకా

ఈ విద్యకు మన నేలతో గట్టి సంబంధమే ఉంది. ఇంగ్లండ్‌లో పుట్టిన గిటారిస్టు జాన్ మెక్‌లాక్లిన్ 1970ల్లో ఎల్. శంకర్, జాకిర్ హుస్సేన్, టి. హెచ్. వినాయక్‌రామ్‌లతో శక్తి బృందం కట్టాడు. మన గమకాలు పలకడానికి వీలుగా ఫ్రెట్ల మధ్య చెక్కను గుంటగా తొలిచిన ప్రత్యేకమైన గిటార్ చేయించుకున్నాడు. తర్వాతి కాలంలో రిమెంబర్ శక్తి పేరుతో ఆ బృందం మళ్లీ కట్టినప్పుడు, మెక్‌లాక్లిన్ పక్కన కూర్చుని ఎలక్ట్రిక్ మాండొలిన్‌తో సవాలు జవాబులు చేసినవాడు 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. ఎనిమిది తీగలుండే మాండొలిన్‌ను అయిదు తీగలకు మార్చుకుని కర్ణాటక సంగీతాన్ని అందులో పలికించిన ఆయనకు, తెలియని సంగీతంతో జామ్ చేయడం అంత సహజంగా ఎలా అబ్బింది?

కచేరీలో కల్పన స్వరాలు వాయించే విద్వాంసుడు చేసేది ఇదే కాబట్టి. ప్రధాన వాద్యం ఒక ఆవర్తనం అల్లితే వయొలిన్ దాన్ని విని వెంటనే జవాబు ఇస్తుంది. తని ఆవర్తనంలో మృదంగం, ఘటం వంతులు తగ్గించుకుంటూ చివరికి కలిసి ముగిస్తాయి. రాగం హద్దు, తాళం లెక్క, ఎత్తుకున్న చోటికి వచ్చి చేరాల్సిన నియమం అందరికీ తెలుసు. మిగిలినదంతా వినికిడి. మనోధర్మం కోసం ఏళ్ల తరబడి గురువు పాడింది విని తిరిగి పాడటం, మాంట్‌గొమరీ క్రిస్టియన్‌ను విని వాయించడం, రెండూ ఒకే చదువు. హైదరాబాద్‌లో, విశాఖలో, విజయవాడలో గిటార్ పట్టుకున్న పిల్లలు ఈ సంపదను పరాయిదనుకుని పక్కన పెట్టేయడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. స్వరాలు పాడుతూ, చేత్తో తాళం వేస్తూ నేర్చుకున్న పిల్లలు జామ్‌కి సగం సిద్ధమైనట్టే.

ఎలా మొదలుపెట్టాలి

మొదటి పని పాడటం. వాయించే ప్రతి స్వరాన్నీ గొంతుతో కలిపి పలకాలి. జార్జ్ బెన్సన్ తన సోలోలను గిటార్‌తో కలిపి పాడటం చాలామంది వినే ఉంటారు. గొంతుకు స్కేల్ ఆకారాలు తెలియవు, ఫ్రెట్లు తెలియవు. మనసులో మోగినదాన్నే అది పలుకుతుంది. ఊపిరి అయిపోగానే ఆగుతుంది కాబట్టి, సోలోలో విరామాలు కూడా అదే నేర్పుతుంది.

రెండోది, నచ్చిన సోలోలోంచి రెండు బార్లు మాత్రమే తీసుకుని, లిపి చూడకుండా చెవితో పట్టాలి. ముందు పాడగలగాలి, ఆ తర్వాత వాయించాలి. అదే పదాన్ని ఇంకో శ్రుతిలో, ఇంకో చోట, బీట్‌కి అటూ ఇటూ జరిపి వాయించి చూడాలి. రెండు బార్లు ఇలా నలిగితే, పైపైన నేర్చిన ఇరవై లిక్కుల కంటే జామ్‌లో ఎక్కువ అక్కరకొస్తాయి.

మూడోది, చేతులు కట్టేసుకోవడం. ఏ, సి, డి మూడు స్వరాలతోనే పన్నెండు బార్లు పూర్తిచేయాలని నియమం పెట్టుకోండి. స్వరాలు తగ్గితే లయ, విరామం, గట్టిగా మెత్తగా మీటడం ముందుకు వస్తాయి. కార్డ్ మారిన ప్రతిచోటా ఆ కార్డ్ ప్రాణస్వరం మీద దిగే సాధన దీని తర్వాతది.

బ్యాకింగ్ ట్రాక్‌లు ఈ సాధనకు మంచివే, కానీ అవి మనల్ని వినవు. మనం మెత్తబడితే అవి మెత్తబడవు. కాబట్టి వీలైనంత త్వరగా మనుషులతో వాయించాలి. ఇద్దరే అయినా సరే, ఒకరు కార్డ్‌లు పట్టుకుంటే రెండోవారు నాలుగు బార్లు అల్లడం, తర్వాత వంతు మార్చుకోవడం. అవతలివారు ముగించిన స్వరంతోనే మనం మొదలుపెట్టాలని నియమం పెట్టుకుంటే వినక తప్పదు.

అయిదుగురు కూర్చున్న జామ్‌లో సోలోలు సమంగా పంచుకుంటే మన వంతు అయిదింట ఒకటి. మిగతా నాలుగు వంతులూ మనం ఇతరులకు తోడుగా ఉండాలి. సాధన సమయాన్ని మనం పంచేది దీనికి పూర్తిగా విరుద్ధంగా. నిలకడగా, తక్కువగా, లయ చెదరకుండా తోడు వాయించగలిగే గిటారిస్టును ఏ బృందమైనా మళ్లీ పిలుస్తుంది. పిలిచినచోట వినడానికి దొరికినన్ని గంటలు ఇంట్లో ఒంటరి సాధనలో దొరకవు.

జామ్ ముగిసి గిటార్ కేసులో పెట్టేటప్పుడు 'నేనెలా వాయించాను' అని అడగడం మనకు అలవాటు. దాని బదులు ఈ ప్రశ్నలు వేసుకోండి. రెండో సోలోలో బేస్ ఎటు నడిచింది? డ్రమ్మర్ ఎక్కడ తగ్గించాడు? నా చివరి పదాన్ని ఎవరైనా అందుకున్నారా? వీటికి సమాధానం చెప్పగలిగిన రోజు, వేళ్ల వేగం ఎంతైనా సరే, మీరు జామ్ చేయడం మొదలుపెట్టినట్టే. చెప్పలేకపోతే తర్వాతి జామ్‌లో మొదటి పన్నెండు బార్లూ ఒక్క స్వరం కూడా మీటకుండా వినండి, పదమూడో బార్‌లో ఎత్తుకోండి.